మంచం తిరిగేంత ఇల్లు

మొన్న ఆదివారం మా ఆవిడ ఫోనులో ఇళ్ళ ప్రకటనలు చూస్తూ చూస్తూ ఆగిపోయి, ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. మాకు ఇల్లు లేక కాదు. పెర్త్‌లో, హారిస్‌డేల్‌లో, ఇరవై ఏళ్ళ బ్యాంకు అప్పుతో సహా నిక్షేపంగా ఉంది. అయినా ఆవిడకి ఇళ్ళ ప్రకటనలు చూడటం సీరియల్ చూసినట్టు. ఈసారి చూస్తున్నది డార్విన్ ప్రకటనలు. మేము తొమ్మిదేళ్ళు ఉన్న ఊరు. ఫోటోలో తెల్ల రంగు వేసిన సిమెంటు దిమ్మెల గోడలు, రేకుల కప్పు, ముందు ఏపుగా పెరిగిన కరివేపాకు చెట్టు. కింద ఏజెంటు రాసిన నాలుగు ముక్కలు: మూడు పడకగదులు, పొదుపైన హాలు, మామూలు కంటే వెడల్పైన తలుపులు, ఎక్కడా మెట్టు లేదు, వృద్ధులకు అనుకూలం.

పొదుపైన హాలు అన్న మాట చదివి నాకు ఒళ్ళు మండింది. ఆ హాలు ఎందుకు చిన్నదయిందో వాడికేం తెలుసు. హాల్లోంచి కోసిన జాగా తలుపులకి పోయింది. అది పోతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఒక పాత ఆస్పత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని.

ఆ ఇల్లు కట్టినావిడని డార్విన్ తెలుగువాళ్ళందరం సిస్టర్ ఆంటీ అనేవాళ్ళం. ఆస్పత్రిలో సిస్టరు, బయట ఆంటీ, రెండూ కలిపేశాం. ఊరు తెనాలి దగ్గర. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, సిడ్నీలో ఉంటాడు. మేము డార్విన్ వెళ్ళేటప్పటికే ఆవిడ అక్కడ పాతకాపు. కొత్తగా దిగిన ఏ తెలుగువాళ్ళింటికైనా మొదటి వారంలోనే ఒక గోంగూర పచ్చడి సీసా, ఒక జ్వరం చూసుకునే థర్మామీటరు పట్టుకుని వచ్చేది.

ఆవిడని చూడగానే ముందు కనపడేది గడియారం. నర్సులు గుండె మీద తలకిందులుగా తగిలించుకునే చిన్న గడియారం. యూనిఫాం మీద సరే, ఆదివారం చర్చికి కట్టుకొచ్చే పట్టుచీర మీద కూడా అదే ఉండేది. షేక్‌హ్యాండ్ ఇస్తే చెయ్యి తొందరగా వదిలేది కాదు. రెండు వేళ్ళు మెల్లగా మణికట్టు మీదకి జారేవి, చూపు గడియారం మీదకి పోయేది. మొదటిసారి నేను అదంతా ఆప్యాయత అనుకుని, నేనూ తగ్గకుండా చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. అరనిమిషం తర్వాత చెయ్యి వదిలి, "కాఫీ తగ్గించు అబ్బాయ్" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఒక్క బిస్కట్టు తినాలన్నా మోచేతుల దాకా చేతులు కడిగేది. ఎవరింటికొచ్చినా కుర్చీ అంచునే కూర్చునేది, ఏ క్షణాన ఎవరు బెల్లు కొడతారో లేచి పోవాలి అన్నట్టు. ఏది పాడైనా ఆవిడ నోట ఒకటే మాట, ఊపిరి ఆడుతోందిగా, మిగతాది చూసుకుందాంలే అని. మా కుక్కరు విజిల్ వెయ్యకపోయినా అదే, నా కారులో ఏసీ పోయినా అదే, ఎవరిదైనా వీసా ఆగినా అదే. మొదట్లో చిరాకు వేసేది. తర్వాత తర్వాత ఆ మాట ఆవిడ నోట వినకపోతే కష్టం తీరినట్టు ఉండేది కాదు.

రాసుకోవడం ఇంకొక పిచ్చి. రాయకపోతే చెయ్యనట్టే లెక్క అని నర్సుల స్కూల్లో నేర్పారట. పచ్చడి పట్టిన తేదీ సీసా మీద రాసేది. అంతవరకూ బాగానే ఉంది. మా ఇంటికి కూర పంపిన గిన్నె అడుగున కూడా ఇచ్చిన తేదీ, టైము, తీసుకున్నవాళ్ళ పేరు. గిన్నె తిరిగిచ్చేటప్పుడు మా ఆవిడ సరదాకి సంతకం పెట్టి ఇచ్చింది. సిస్టర్ ఆంటీ నవ్వలేదు. గుడ్ అని చెప్పి గిన్నె లోపల పెట్టుకుంది.

అలాంటి మనిషి అరవై నిండిన వారానికి ఒక ఫైలు చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఈ దేశంలో మన జీతంతో పాటు యజమాని మన పేరున కొంత పక్కన వేస్తూ ఉంటాడు. దాన్ని సూపర్ అంటారు. మన ప్రావిడెంట్ ఫండు లాంటిదే. ముసలితనానికి దాచింది గనక అరవై దాటి ఉద్యోగం మానేదాకా మామూలుగా దాని మీద చెయ్యి వెయ్యనివ్వరు. నేను గవర్నమెంటు ఆఫీసులో అకౌంట్స్ చూసేవాణ్ణి కాబట్టి ఊళ్ళో తెలుగువాళ్ళ కాగితాలన్నీ మా డైనింగ్ టేబుల్ మీదకే వచ్చేవి. ఆవిడ ఫైలు తెరిచి, ఆస్పత్రిలో రాజీనామా ఇచ్చేశాననీ, సూపర్ మొత్తం ఒక్కసారే తీసేస్తున్నాననీ, దానితో ఇల్లు కట్టుకుంటాననీ చెప్పింది. బిల్డరుకి అప్పగించకుండా, తనే పర్మిషన్ తెచ్చుకుని, తనే పనివాళ్ళని పెట్టుకుని, దగ్గరుండి కట్టిస్తుందట.

నేను పెన్ను కింద పెట్టేశాను. ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల ఆవిడకి ఒక ఖాళీ స్థలం ఉందని మాకు తెలుసు. కొన్నాళ్ళకి అమ్ముకుంటుందనుకున్నాం. అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఈ డబ్బు ఒకసారి గోడల్లోకి పోతే మళ్ళీ చేతికి రాదన్నాను. డార్విన్‌లో ఆర్నెల్లు ఎండ, ఆర్నెల్లు వాన, కప్పు పడకముందే వాన మొదలైతే ఇల్లూ ఉండదు, డబ్బూ ఉండదు, ఉద్యోగం ఎలాగూ లేదు అన్నాను. నా ఉపన్యాసాలు బాగుంటాయని మా ఆవిడ తప్ప అందరూ అంటారు. సిస్టర్ ఆంటీ అంతా శ్రద్ధగా విని, నోటుపుస్తకంలో రాసుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పమంది.

ఫారంలో డబ్బు దేనికని అడిగే గడి లేదు. అడగరు కూడా. ఆవిడ ఊరుకోలేదు. పక్కన మార్జిన్లో ఇల్లు కట్టుకోవడానికి అని ఇంగ్లీషులో రాసి, తేదీ, టైము వేసి, పొట్టి సంతకం చేసింది.

డబ్బు సంగతి అలా ఉంచితే, నన్ను నిజంగా కలవరపెట్టింది కొడుకు సంగతి. అతను సిడ్నీలో, టూంగాబీ అనే పేటలో రెండంతస్తుల ఇల్లు కొని, పైన తల్లి కోసం ఒక గది సిద్ధం చేశాడు. పక్కనే బాత్‌రూము. డార్విన్‌లో అలవాటని పైన ఫ్యాను. గోడకి ఆవిడకి ఇష్టమైన లేత పసుపు రంగు. ఆ గది ఫోటోలు ఆవిడే అందరికీ చూపించేది. మా వాడికి మంచి టేస్టు అని మురిసిపోయేది. నీ డబ్బు నాకొద్దు, నువ్వొచ్చి ఉంటే చాలు అని కొడుకు నాలుగేళ్ళుగా అడుగుతున్నాడు. ఆవిడ వెళ్ళదు. ఇప్పుడు ఉన్నదంతా ఊడ్చి ఎక్కడో అడవి పక్కన ఇల్లు కడతానంటోంది. కోడలు పంజాబీ అమ్మాయి. యూనివర్సిటీలో పరిచయమై పెళ్ళి చేసుకున్నారు. ఆ అమ్మాయంటే పడకే వెళ్ళడం లేదని డార్విన్‌లో అందరూ గుసగుసలాడారు. దాచడమెందుకు, నేనూ అలాగే అనుకున్నాను. కొడుకు కూడా అలాగే అనుకుని, ఫోన్లు తగ్గించేశాడు.

ప్లాను గీసే అతను కాగితాలు ఇచ్చిన వారానికి సిస్టర్ ఆంటీ నుంచి ఫోను. శనివారం పొద్దున చర్చి హాలుకి రమ్మంది, కడుపునిండా తినొద్దంది. వెళితే కుర్చీలన్నీ గోడవారకి నెట్టేసి ఉన్నాయి. నేలంతా సుద్దముక్కతో గీతలు. ఇంటి ప్లానుని అసలు కొలతలతో నేల మీద గీసేసింది. ఇది హాలు, ఇది వంటిల్లు, ఇది నా గది. నేను గీత దాటి లోపలికి అడుగు పెడితే కేకేసింది. గోడలోంచి వస్తావేందయ్యా, తలుపు అటుంది, అని. వెనక్కి వెళ్ళి తలుపులోంచి వచ్చాను. మా ఆవిడ మాత్రం బుద్ధిగా లేని తలుపు మీద వేలితో కొట్టి మరీ వచ్చింది.

మధ్యలో ఒక ఆస్పత్రి మంచం ఉంది. ఎక్కడో పాత సామాను వేలంలో కొన్నదట, నాలుగు చక్రాలదీ, పక్కన కమ్మీలున్నదీ. నీ బరువెంత అని అడిగింది. చెప్పాను. సరిపోతావు, ఎక్కి పడుకోమంది.

నా జీవితంలో నేను అంత బుద్ధితక్కువగా ఎప్పుడూ కనపడలేదు. వెల్లకిలా పడుకున్నాను, ఛాతీ దాకా దుప్పటి కప్పింది, కమ్మీలు లేపింది. తల వైపు తను, కాళ్ళ వైపు మా ఆవిడ. పడకగదిలోంచి బయలుదేరాం. మంచం తలుపు దగ్గర తిరగాలి. తిరిగేటప్పుడు ఒక చక్రం సుద్దగీత దాటింది. ఆగు, అంది. వంగి, చీరకొంగుతో ఆ గీత తుడిచేసి, జానెడు అవతల కొత్త గీత గీసింది. మళ్ళీ పడకగదిలోకి, మళ్ళీ బయటికి. ఈసారి హాలు మూల తగిలింది. ఆ గీతా తుడిచింది. ఇలా మధ్యాహ్నం దాకా నన్ను ఆ లేని ఇంట్లో ఊరేగించారు. మా ఆవిడ నవ్వి నవ్వి రెండుసార్లు మంచం వదిలేసింది. హాలు చిన్నదైపోతోందని నేను పడుకునే అభ్యంతరం చెప్పాను. పేషెంటు మాట్లాడకూడదని నోరు మూయించింది. చివరికి పడకగది నుంచి వీధి తలుపు దాకా మంచం ఎక్కడా ఆగకుండా, ఏ గీతా తొక్కకుండా తిన్నగా పోయింది. అప్పుడు గడియారం చూసి, నోటుపుస్తకంలో రాసుకుంది.

తెచ్చిన పులిహోర ముగ్గురం ఆ మంచం అంచునే కూర్చుని తిన్నాం. మా ఆవిడ గిన్నెలు కడగడానికి వెళ్ళినప్పుడు, ఇల్లు కడుతున్నారా ఆస్పత్రి కడుతున్నారా అని నేను వేళాకోళమాడాను. సిస్టర్ ఆంటీ నవ్వుతుందనుకున్నాను. తుడిచిన సుద్ద అంటిన కొంగు దులుపుకుంది.

"మీ అంకుల్ పోయింది రెండో అంతస్తు ఫ్లాట్లో" అంది. "లిఫ్టు లేదు. మెట్ల మధ్యలో మలుపు. స్ట్రెచరు తిరగలా. ఇటు తిప్పారు, అటు తిప్పారు, తిరగలా. అప్పుడు బెల్టులు బిగించి నిలబెట్టారు. నిలబెట్టి దింపారు అబ్బాయ్, నడిపించుకుపోతున్నట్టు. తల వాలిపోతా ఉంటే నేను పట్టుకున్నా. కాళ్ళ దగ్గర ఎవరో పట్టుకున్నారు."

ముప్పై ఏళ్ళు ఎందరి చావులో చూసిన మనిషి, ఆ నాలుగు మాటలు చెప్పేటప్పటికి నీళ్ళు అడిగింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, పదిహేడేళ్ళుగా ఎవరింటికి వెళ్ళినా ముందు మెట్లే చూస్తానని చెప్పింది.

"మా వాడి గది పైన. మెట్లెక్కలేక కాదు, ఎక్కుతా. రేపు నన్ను దింపాల్సింది వాడేగా."

ఆ ముక్కే కొడుకుతో చెప్పమన్నాను. వాడే కింద ఏదో ఒక గది చూస్తాడు కదా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"చెప్తే ఆ గది తలుపు తీసినప్పుడల్లా వాడికి ఏం కనపడుద్ది? ప్రేమగా కట్టుకున్నాడు. నన్ను మొండిదనుకోనీ, పర్లేదు. ఈ మాట వాడి చెవిన పడకూడదు. ప్రమాణం చెయ్యమనను, మాటిస్తే చాలు."

మాటిచ్చాను. దానితో ఇల్లు కట్టొద్దని చెప్పే హక్కు కూడా పోగొట్టుకున్నాను.

ఆ ఏడు మే నెలలో, అక్కడి ఎండాకాలం మొదలవగానే పని మొదలైంది. గోడలు కట్టింది ఒక గ్రీకు మేస్త్రీ. డార్విన్‌లో ఆ పనిలో గ్రీకులు ఎక్కువ. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, గొంతు పెద్దది, ఇంగ్లీషు చిన్నది. ఆవిడ ఇంగ్లీషు తెనాలిది, ఆయనది వాళ్ళ దీవులది. ఇద్దరూ రోజంతా పోట్లాడుకునేవారు, ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం వల్ల స్నేహం చెడలేదు. పొద్దున్న ఆరింటికి పనిలో దిగేముందు ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి బీపీ చూసేది. ఒకరోజు ఎక్కువుందని పని చెయ్యనివ్వలేదు. ఆయన వినకపోతే తాపీ లాక్కుని తన కారు డిక్కీలో పెట్టి తాళం వేసింది. ఆయన చెట్టు కింద కూర్చుని గ్రీకులో తిట్టుకుంటూ ఆవిడ తెచ్చిన పెరుగన్నం తిన్నాడు. తర్వాత రోజు నుంచి ఆయనే వచ్చి చెయ్యి చాచేవాడు.

ఒక్కో గోడకి ఒక్కో అట్ట వేలాడదీసింది, ఆస్పత్రిలో మంచం చివర వేలాడదీసినట్టు. ఆ రోజు ఏం చేశారు, ఎవరు చేశారు, ఎన్ని గంటలకి, పగుళ్ళున్నాయా లేవా. పనివాళ్ళు మారినప్పుడల్లా కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని గది గదికీ తిప్పి, ఈ గోడ నిన్న రాత్రి ఎలా ఉంది, ఇవాళ దానికి ఏం కావాలి, అంతా అప్పజెప్పేది.

నేల కాంక్రీటు పోసిన మర్నాడు మాత్రం పెద్ద తమాషా జరిగింది. మన దగ్గర స్లాబు పోస్తే గట్లు కట్టి నీళ్ళు నిలబెడతారు, గోనెపట్టాలు తడిపి కప్పుతారు. ఆవిడకి చిన్నప్పటి నుంచీ అదే తెలుసు. ఇక్కడ ఆ పనికి ఏదో మందు చల్లేసి పోతారు. ఆవిడ ఆ మందుని నమ్మలేదు. గోనెపట్టాలు దొరకలేదు. ఆస్పత్రి లాండ్రీలో పాతబడి పారేసే దుప్పట్లు అడిగి తెచ్చుకుని, తడిపి, నేలంతా పరిచింది. ఆ దారిన పోయే ఎవరో, తెల్ల దుప్పట్లు వరసగా పరిచి ఉండటం, పక్కన ఒకావిడ నర్సు గడియారంతో నిలబడి ఉండటం చూసి హడలిపోయి పోలీసులకి చెప్పారు. కుర్ర పోలీసు ఒకతను వచ్చి, దుప్పటి కింద ఏముందని అడిగాడు. ఎత్తి చూపించింది. కాంక్రీటుకి దాహం వేస్తుంది కదా అని చెప్పింది. అతను ఏం రాసుకోవాలో తెలియక నిలబడితే, టైముతో సహా తనే చెప్పి రాయించింది.

ఇలా నవ్వుతూ నవ్వుతూనే అక్టోబరు వచ్చింది. వానలకు ముందు ఉక్కపోత, మనుషులకి మతులు పోయే కాలం. పై రేకులు అనుకున్న వేళకి రాలేదు. తుఫానుకి తట్టుకునే కప్పు గనక ఖర్చు పెరిగింది. చేతిలో డబ్బు పలచబడింది. నేను పడుతుందని చెప్పిన గోతిలోనే ఆవిడ పడింది. నాకేమీ సంతోషం కలగలేదు. చెప్పానా అనే మాట నాలుక చివరిదాకా వస్తే మా ఆవిడ టేబుల్ కింద కాలు తొక్కింది. సిస్టర్ ఆంటీ మర్నాడే పోయి ఒక వృద్ధాశ్రమంలో వారానికి మూడు రోజుల డ్యూటీ ఒప్పుకుంది. ఇల్లు ఐసీయూలో ఉంది, బిల్లు కట్టాలిగా అబ్బాయ్, అంది.

మొదటి పెద్ద వాన సగం కప్పు మీద పడింది. మేమిద్దరం కంగారుగా కారేసుకుని వెళ్ళాం. ఏడుస్తూ కూర్చుని ఉంటుందనుకున్నాం. వానకోటు వేసుకుని, తన పడకగదిలో చేరిన నీళ్ళని చీపురుతో వీధి తలుపు దాకా తోస్తోంది, గొంతెత్తి కీర్తన పాడుకుంటూ. గడప లేదు కాబట్టి నీళ్ళు హాయిగా బయటికి పోతున్నాయి. మమ్మల్ని చూసి ఇంకో రెండు చీపుర్లు ఎక్కడున్నాయో చెప్పింది. ఆ సాయంత్రం ముగ్గురం తడిసి ముద్దయ్యాం. వెళ్ళేముందు ఆవిడ ఒక గోడకి ఆనుకుని, కాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. అప్పుడు మాత్రం ఆవిడకి ఎంత భయంగా ఉందో నాకు కనపడింది.

డిసెంబరుకి కప్పు పూర్తయింది. తర్వాత ఎండాకాలానికి ఇల్లూ పూర్తయింది. ప్రతిష్ఠ ప్రార్థనకి అందరం వెళ్ళాం. పాస్టరు గారు గది గదికీ వెళ్ళి ప్రార్థన చేశారు. గ్రీకు మేస్త్రీ కోటు వేసుకొచ్చి, తను కట్టిన ప్రతి గోడ దగ్గరా ఆమెన్ గట్టిగా అన్నాడు. తెనాలి నుంచి వాళ్ళక్క వీడియోలో ఇల్లంతా చూసి, అంతా బాగానే ఉంది గానీ గడప ఏదే అని నిలదీసింది. గడప లేని ఇల్లు ఇల్లెట్టా అవుద్ది అని కోప్పడింది. సిస్టర్ ఆంటీ తొణకలేదు. ముప్పై ఏళ్ళు తుంటి విరిగినోళ్ళని లేపానక్కా, నా ఇంట్లో ఎవరూ తట్టుకుని పడటానికి లేదు, అని ఫోను ఇంకో గదిలోకి తిప్పేసింది.

కొడుకు వచ్చాడు. భార్యని తీసుకుని ఒక్కరోజుకి వచ్చి, హోటల్లో దిగాడు. ఇల్లంతా మర్యాదగా తిరిగి చూశాడు. గోడ మీద చేత్తో కొట్టి, స్ట్రాంగ్‌గా ఉంది మమ్మీ అన్నాడు. అంతే. కోడలు కాళ్ళకి దండం పెడితే సిస్టర్ ఆంటీ ఆ అమ్మాయిని లేపి, చెయ్యి పట్టుకుని, గడియారం చూసి, వంటింట్లోకి తీసుకుపోయింది. కాసేపటికి ఇద్దరి నవ్వులూ బయటికి వినపడ్డాయి. అతను నా పక్కనే వరండాలో నిలబడి ఆ నవ్వులు వింటున్నాడు. అర్థం కానట్టు లోపలికి చూశాడు, నా వైపు చూశాడు. నా నాలుక దురద పెట్టింది. వాతావరణం గురించి మాట్లాడి తప్పించుకున్నాను.

తర్వాత నాకు పెర్త్ బదిలీ అయింది. ఆవిడ పదిహేను రోజులకోసారి ఫోను చేసేది. ముందు నా బీపీ, తర్వాత మా ఆవిడ షుగరు, ఆ తర్వాత ఇంటి కబుర్లు. మిగతా రెండు గదులు ఎప్పుడూ ఖాళీగా లేవు. ఆంధ్రా నుంచీ కేరళ నుంచీ కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు అద్దె ఇల్లు దొరికేదాకా ఆవిడ దగ్గరే ఉండేవారు. వాళ్ళు వంట బాగా చేస్తారని ఒకసారి, అసలు చెయ్యరని ఒకసారి చెప్పేది. కొడుకు గురించి అడిగితే, బాగున్నాడు, బిజీ, అనేది. మనవరాలు పుట్టినప్పుడు సిడ్నీ వెళ్ళి నెల ఉంది. కింద హాల్లో సోఫా మీదే పడుకుందట. పై గదిలో ఫ్యాను చప్పుడని చెప్పిందట.

ఈ వానాకాలంలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి పడుకున్న మనిషి లేవలేదు. పక్క గదిలో ఉంటున్న మలయాళీ నర్సమ్మాయి చూసి కొడుక్కి ఫోను చేసింది. కొడుకూ కోడలూ ఆ రాత్రి విమానానికే వెళ్ళారు. మర్నాటి నుంచి తుఫాను హెచ్చరిక వల్ల విమానాలు ఆగిపోయి మేము వెళ్ళలేకపోయాం. అది నాకు ఇప్పటికీ బాధే. చెయ్యి పట్టుకున్న ప్రతివాడి నాడీ చూసిన మనిషికి, ఆఖరున చెయ్యి పట్టుకోవడానికి నేను లేను.

నాలుగో రోజున కొడుకు దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఆ ఇంట్లోనే ఉన్నాడు. అన్నీ సవ్యంగా జరిగాయనీ, చర్చి నిండిపోయిందనీ, గ్రీకాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడనీ చెప్పాడు. అమ్మని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు, స్ట్రెచరు గదిలో నుంచి కారు దాకా ఎక్కడా ఆగకుండా రావడం చూసి, ఈ ఇల్లు ఎవరు కట్టారని అడిగారట. అతను తెలుగులో మాట్లాడటం తక్కువ. ఆ రోజు కష్టపడి తెలుగులోనే అడిగాడు.

"అంకుల్, ఒకటి అడుగుతా. హానెస్ట్‌గా చెప్పండి. అమ్మ మా ఇంటికి ఎందుకు రాలేదు? నా వైఫ్ నాలుగు రోజుల నుంచి ఏడుస్తోంది. తన వల్లే రాలేదని."

నేను ఆవిడకి ఇచ్చిన మాట గుర్తుకొచ్చింది. అక్కడ ఆ అమ్మాయి ఏడుస్తోంది. మాట తప్పాను. చర్చి హాలు, సుద్దగీతలు, మంచం, అన్నీ చెప్పాను. రెండో అంతస్తు మెట్ల గురించి ఆవిడ చెప్పిన మాటలు, నాకు గుర్తున్నంతవరకూ ఆవిడ చెప్పినట్టే చెప్పాను. తల తను పట్టుకుందట, కాళ్ళ దగ్గర ఎవరో పట్టుకున్నారట, అన్నాను.

ఫోను తెగిపోయిందనుకుని హలో అన్నాను.

"ఎవరో అందా?" అన్నాడు.

అవునన్నాను.

"నేనే అంకుల్. ఇయర్ నైన్‌లో ఉన్నా. స్కూల్ నుంచి అప్పుడే వచ్చా. నాన్న కాళ్ళు నేనే పట్టుకున్నా."

అతనికి ఫోను పెట్టెయ్యాలని కూడా తోచినట్టు లేదు. కుర్చీ జరిగిన చప్పుడు, నడిచిన చప్పుడు వినపడ్డాయి. పక్కగదిలో ఉన్న భార్యని పేరు పెట్టి పిలిచాడు. తర్వాత ఆమెతో ఇంగ్లీషులో అంటున్నాడు, అమ్మ రాకపోవడం నీ వల్ల కాదు, నా కోసమే రాకుండా ఉండిపోయింది, అని.